కొండపల్లి బొమ్మా, ఏటికొప్పాక బొమ్మా?

నల్లగొండ నుంచి కొండపల్లి పెద్ద దూరం కాదు. సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడ హైవే పట్టుకుంటే చాలు. ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో ఉంది, పనిగట్టుకొని పోవాల్సిందే.

కొండపల్లి బొమ్మది తెల్ల పొణికి కర్ర, చేతిలో బెండులా తేలిగ్గా ఉంటుంది. చేతులు, కాళ్లు, తొండం విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. చెడేది కూడా అక్కడే. అంబారీ ఏనుగు కొనేటప్పుడు తొండం మొదలు, మావటి భుజాలు వెలుతురులో తిప్పి చూడండి. వెంట్రుకంత గీత కనపడ్డా వద్దు: కర్ర సరిగా ఆరకపోతే తర్వాత ముడుచుకుపోయి ఆ గీతే నోరు తెరుస్తుంది. దశావతారాల సెట్టైతే పది బొమ్మల కళ్లూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకే చేతి పనైతే కనురెప్ప గీత ఒకే తీరుగా ఉంటుంది. దుమ్ముకు మెత్తని బ్రష్ చాలు, తడిగుడ్డ ముట్టించొద్దు.

ఏటికొప్పాకది అంకుడు కర్ర. లేత్ మీద తిరుగుతుండగానే లక్క పట్టించి, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అతుకులు తక్కువ, పిల్లల చేతికి తట్టుకుంటుంది. గండం వేడితోనే. మన మే నెల ఎండ పడే కిటికీలో పెడితే లక్క మెత్తబడి చుట్టిన కాగితం అంటుకుంటుంది. శానిటైజర్‌తో తుడిస్తే మెరుపు పోయి, రంగు గుడ్డకెక్కుతుంది.

ఆడుకోవడానికైతే ఏటికొప్పాక. దాచుకోవడానికి మాత్రం కొండపల్లే, అదీ చిన్నవి పది కాదు, మంచి అంబారీ ఒకటి. లేదంటే తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, మనూరి మనిషిలాగే ఉంటాడు.