ప్యానెల్ పని చేసేవాళ్ళు జాగ్రత్త: పెట్టె మీద రాత చూసి మల్టీమీటర్ కొనకండి

విశాఖలో మల్టీమీటర్ కొనబోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. ఈమధ్యే డాబాగార్డెన్స్ వైపు ఒక షాపులో తీసుకున్నాను. పెట్టె మీద ట్రూ ఆర్‌ఎంఎస్ (ఏసీ తరంగం వంకరగా ఉన్నా సరిగ్గా కొలుస్తుందని), క్యాట్ 3, 600 వోల్ట్స్ (త్రీఫేజ్ ప్యానెళ్ళ దగ్గర 600 వోల్టుల వరకూ వాడొచ్చని) అని పెద్ద పెద్ద అక్షరాలు.

ఆటోనగర్‌లో ఒక యూనిట్లో మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవ్‌కి వెళ్ళే ఆర్‌ఎస్-485 లైను (రెండు వైర్ల మీద డేటా పంపే లైను) మాటిమాటికీ పోతోందంటే చూడ్డానికి వెళ్ళాను. ఆ లైన్లో సిగ్నల్ అంటే రెండు వైర్ల మధ్య తేడానే. ఆ తేడా 0.2 వోల్టు కంటే తగ్గిందంటే అవతల రిసీవర్ 1 అనుకుంటుందో 0 అనుకుంటుందో చెప్పలేం. డేటా నడుస్తుంటే మీటరు సగటే చూపిస్తుంది కాబట్టి కమ్యూనికేషన్ ఆపి కొలిచాను. గ్రౌండ్‌తో చూస్తే ఒక వైరు 2.68, రెండోది 2.44. తేడా 0.24 రావాలి. నేరుగా రెండింటి మీదా ప్రోబులు (మీటరుకుండే మొనల వైర్లు) పెడితే 0.30! ప్రోబులు అటూ ఇటూ మారిస్తే మైనస్ 0.18. గుర్తు మారాలి గానీ అంకె మారకూడదు కదా. రెండు ప్రోబుల మొనలూ కలిపి పట్టుకుంటే సున్నాకి బదులు 0.06 చూపిస్తోంది. 0.30 నమ్మితే లైను బాగుందని వదిలేస్తాం, 0.18 నమ్మితే లైన్లో ఆ తేడాని నిలబెట్టే రెసిస్టర్లు బాగున్నా పీకేస్తాం. పక్క వర్క్‌షాపు అన్న తన మీటరుతో చూస్తే ఎటు పెట్టినా 0.24.

ఇంతకంటే భయపెట్టింది లోపలి సంగతి. వెనక మూత విప్పితే మిల్లీ ఆంపియర్ల వైపు 250 వోల్టుల గాజు ఫ్యూజు, 10 ఆంపియర్ల సాకెట్‌కి అసలు ఫ్యూజే లేదు. అక్కడ ప్రోబు ఉన్న సంగతి మరిచి 415 వోల్టుల బస్‌బార్ (ప్యానెల్లో కరెంటు మోసే లోహపు పట్టీ) మీద పెడితే నేరుగా షార్టే, మంట మొహం మీదకే వస్తుంది. ఆ కరెంటుని తెంపాలంటే లోపల ఇసుక నింపిన పింగాణీ హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు (భారీ షార్ట్ కరెంటుని కూడా తెంపగలిగే ఫ్యూజు) ఉండాలి.

వెనక్కి తీసుకోమంటే "సీల్ తీశారు కదండీ" అన్నారు. బిల్లు గట్టిగా అడిగి తీసుకున్నాను కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను.

మీరు కొనేటప్పుడు కౌంటర్ దగ్గరే కొత్త బ్యాటరీ సెల్లు ఒకటి అడిగి ప్రోబులు మార్చి మార్చి కొలవండి, మూత విప్పి ఫ్యూజులు చూపించమనండి. చూపించనంటే వచ్చేయండి. ఇలాంటిది ఇప్పటికే మీ దగ్గరుంటే సెల్లులు, చిన్న సర్క్యూట్ల వరకే వాడుకోండి. పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్ళ చేతికిచ్చి త్రీఫేజ్ ప్యానెల్ దగ్గరికి మాత్రం పంపకండి.