మస్కట్‌లో అద్దె కారు: ఐదుసార్లు తీసుకున్నాక

మాది రాజోలు పక్కన ఊరు. మా అక్కా బావా చాలా ఏళ్లుగా ఒమన్‌లోని మస్కట్‌లో, రూవిలో ఉంటున్నారు. ఇది గొప్పకి చెప్పడం లేదు, గల్ఫ్‌లో ఒక్కరైనా లేని ఇల్లు మా వైపు తక్కువే. 2017, 2018, 2019, 2022, 2024లో వెళ్లాం. వెళ్లిన ప్రతిసారీ కారు అద్దెకి తీసుకుని నేనే నడిపాను. 2019లో దుబాయ్‌లో కూడా నాలుగు రోజులు నడిపాను. ఊళ్లో ఎవరు గల్ఫ్ వెళ్తున్నా ఇప్పుడు మా ఇంటికొచ్చి "అక్కడ కారు తీసుకోవచ్చా అండీ?" అని అడుగుతున్నారు. ప్రతివాళ్లకీ అరగంట చెప్పే బదులు రాసి పెడుతున్నాను.

తీసుకోవచ్చు. నలుగురు మనుషులుంటే టాక్సీల కన్నా చాలా నయం. కాకపోతే మనం రోజు అద్దె ఒక్కటే చూస్తాం, డబ్బు పోయేది మాత్రం వేరే చోట. నాకు రెండుసార్లు పోయింది.

ముందు కాగితాలు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ అమలాపురం ఆర్టీఓ ఆఫీసులో తీసుకున్నాను. ఫీజు 1,000 రూపాయలు, గడువు ఏడాదే. అందుకే నా దగ్గర బూడిద రంగు పుస్తకాలు ఐదు పోగయ్యాయి. పర్మిట్ ఉంది కదా అని అసలు లైసెన్సు ఇంట్లో వదిలేసి వెళ్లకండి, రెండూ చూపించాలి. పేరు సంగతి కూడా చూసుకోండి. మన గోదావరి వాళ్ల పేర్లు తెలిసినవే కదా! నా లైసెన్సులో ఇంటిపేరు, మూడు ఇనిషియళ్లు, చివర సత్యనారాయణ. పాస్‌పోర్టులో ఆ ఇనిషియళ్లన్నీ విప్పి ఉన్నాయి. మొదటిసారి కౌంటర్లో కుర్రాడు రెండూ పక్కపక్కన పెట్టుకుని "వీళ్లిద్దరూ ఎవరు?" అన్నట్టు నా మొహం చూశాడు. పుట్టినరోజూ ఫొటోలూ సరిపోల్చి ఎలాగో ఒప్పుకున్నాడు. తరవాత పర్మిట్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకున్నాను, మళ్లీ ఆ ప్రశ్న రాలేదు.

డిపాజిట్‌కి క్రెడిట్ కార్డు ఉండాలి, అది నడిపేవాళ్ల పేరు మీదే ఉండాలి. నేను తీసుకున్న చోట్లలో డెబిట్ కార్డు ఒక్కచోట కూడా ఒప్పుకోలేదు. 100 రియాళ్ల దాకా కార్డులో పట్టి ఉంచుతారు. రియాలంటే 2017లో 170 రూపాయల దగ్గర ఉండేది, 2024కి 217 అయింది. 2022లో నా కార్డు కౌంటర్లో రెండుసార్లు తిరగ్గొట్టేసింది. కార్డు కొత్తది, విదేశీ వాడకం ఆఫ్‌లో ఉంది. 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులన్నీ అలాగే వస్తున్నాయట, మనమే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి. ఎయిర్‌పోర్టు వైఫై పట్టుకుని, యాప్ తెరిచి ఆన్ చేసేసరికి ముప్పావుగంట. వెనక లైన్లో ఉన్నవాళ్ల చూపులు ఇప్పటికీ గుర్తున్నాయి. రాజమండ్రిలో విమానం ఎక్కకముందే ఆ పని చూసుకోండి.

కార్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నాలుగుసార్లు చిన్న టయోటా, ఒకసారి నిస్సాన్. అన్నీ ఆటోమేటిక్, ఏసీ బాగా పనిచేసేది. 120 దాటితే లోపల కీచుమని మోగుతూనే ఉంటుంది. మా ఆవిడకి ఆ చప్పుడు భలే నచ్చింది, మన వేగనార్‌లో కూడా పెట్టించమంది. పెట్రోలు ఎంత చవకో చూస్తే మాత్రం మనకి కన్నీళ్లొస్తాయి. 2021 చివర్లో అక్కడి ప్రభుత్వం ధరకి హద్దు పెట్టింది. 95 రకం లీటరు 239 బైసాలు (వెయ్యి బైసాలు ఒక రియాలు), అంటే 2024 లెక్కలో 52 రూపాయలు.

అక్కడ రోడ్డుకి కుడిపక్కన నడపాలి, స్టీరింగ్ ఎడమపక్కన. మొదటి రోజు సిగ్నల్ వేయబోతే వైపర్లు ఆడతాయి, అది అందరికీ జరిగేదే. అసలు ప్రమాదం ట్రాఫిక్‌లో కాదు, ట్రాఫిక్ లేనప్పుడు. రద్దీలో ముందు కారు వెనకాల పోతాం కాబట్టి తప్పు జరగదు. పొద్దున్నే ఆరింటికి ఖాళీ రోడ్డు మీద పెట్రోలు బంకులోంచి బయటికొచ్చేటప్పుడు చెయ్యి దానంతటదే ఎడమకి తిప్పేస్తుంది. నాకు రెండుసార్లు అలా జరిగింది. కాలవ గట్టు మీద ఎదురుగా వరిగడ్డి లారీ వస్తే ఎడమకి దింపడం చిన్నప్పటి నుంచి అలవాటైన చెయ్యి మరి! అప్పటినుంచి బండి కదిలించే ముందు మా ఆవిడ "కుడి" అనాలి, నేను "కుడి" అనాలి. అప్పుడే బ్రేకు వదలడం. రౌండబౌట్‌లో లోపల తిరుగుతున్నవాళ్లకే ముందు దారి. మన రావులపాలెం సెంటర్లోలాగా ముక్కు దూర్చేస్తే కుదరదు.

ఇక డబ్బు పోయిన చోట్లు. 2018లో అందరికన్నా రియాలున్నర తక్కువ అని ఒక చిన్న షాపులో తీసుకున్నాను. పేరు అనవసరం. తిరిగిచ్చేటప్పుడు ముందు బంపరు కింద గీత చూపించి 45 రియాళ్లు పట్టేశాడు. ఆ గీత ముందే ఉందని నా నమ్మకం, కానీ రుజువేది? తీసుకునేటప్పుడు పైపైన నాలుగు ఫొటోలు తీశాను గాని వంగి కింద చూడలేదు. అప్పుడు తెలిసింది: అద్దెలో కలిపే బీమాలో "ఎక్సెస్" అని ఒకటుంటుంది. అంత మొత్తం దాకా నష్టం మనదే. రోజుకి రెండు మూడు రియాళ్లు ఎక్కువ కడితే దాన్ని సున్నా చేస్తారు. అప్పుడు కూడా టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం చాలాచోట్ల లెక్కలోకి రావు. ఇప్పుడు నేను ఎక్సెస్ సున్నా అయితేనే తీసుకుంటున్నాను, తాళం చేతికిచ్చిన మనిషి కూడా కనబడేలా వీడియో తీస్తున్నాను. మా అమ్మాయికి సిగ్గేస్తుంది. వెయ్యనీ.

రెండోది దుబాయ్‌లో. ఒమన్ కారు అక్కడికి తీసుకెళ్లాలంటే కంపెనీ అనుమతి పత్రం, అక్కడ చెల్లే బీమా వేరే కావాలి. అందుకని మేం విమానంలో వెళ్లి అక్కడ ఇంకో కారు తీసుకున్నాం. బావ స్నేహితుడు ఒకాయన "బోర్డు మీద ఉన్నదానికి 20 ఎక్కువ పోయినా కెమెరా పట్టదు" అన్నాడు. దుబాయ్‌లో ఆ మాట నిజమే. అదే రోడ్డు మీద అబుదాబి హద్దు దాటాక నిజం కాదు, అక్కడ ఆ వెసులుబాటు 2018 ఆగస్టులోనే తీసేశారు. నేను ఆయన మాట పట్టుకుని పోయాను. 300 దిర్హాములు జరిమానా, దానిమీద కంపెనీ వాళ్ల సర్వీసు చార్జీ. దుబాయ్‌లో సాలిక్ గేటు, అంటే అక్కడి టోలుగేటు, దాటిన ప్రతిసారీ అప్పట్లో 4 దిర్హాములు, నాకు 5 చొప్పున బిల్లు వేశారు. గేటు దగ్గర ఎవరూ ఆపరు, పైన ఒక కమ్మీ ఉంటుంది అంతే. మన హైవే మీద టోలుకి ఆగినట్టు ఆగితే వెనకవాడు గుద్దేస్తాడు. జరిమానాలు ఆలస్యంగా వస్తాయని డిపాజిట్ వెంటనే వదలరు. నాకు ఇరవై ఆరు రోజులకి తిరిగొచ్చింది.

ఇంకోటి కిలోమీటర్ల లెక్క. ఒమన్‌లో నాకు రోజుకి 200 ఇచ్చారు, దాటితే కిలోమీటరుకి 50 బైసాలు. మస్కట్ నుంచి సూర్ వెళ్లి రావాలంటేనే 400 అవుతుంది. ఏ రోజుకారోజు లెక్కేస్తారా, వారం మొత్తం మీద 1,400గా కలుపుతారా అని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. కలిపేవాళ్ల దగ్గర నాకు పైసా అదనం పడలేదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది నీళ్లు. ఏటిగట్టు పక్కన పుట్టినవాడికి ఎడారిలో నీళ్ల భయం ఏమిటని బావ నవ్వాడు. మన గోదావరి చెప్పి వస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులు దాటితే మళ్లీ కబురు. కనకాయలంక కాజ్‌వే మునిగే లోపు లంకలవాళ్లు బియ్యం, గ్యాస్ సర్దుకుని పడవలు సిద్ధం చేసుకుంటారు. అక్కడి వాగులు, వాటిని వాదులంటారు, అలా కాదు. ఎండిపోయిన గులకరాళ్ల వాగు, దాని మీదుగా దిగి ఎక్కే రోడ్డు, పక్కన నీటిమట్టం చూపించే ఎరుపూ తెలుపూ కర్రలు. వాన మనకి కనబడని కొండ మీద పడుతుంది. ఇక్కడ ఎండ కాస్తూండగానే ఎర్రనీళ్లు వచ్చేస్తాయి. 2022లో నిజ్వా దగ్గర మా కళ్ల ముందే పది నిమిషాల్లో కర్రలు సగం మునిగాయి. ఒక పెద్ద బండివాడు దాటబోయి వెనక్కి తగ్గాడు. పారుతున్న వాదిలో దిగడం అక్కడ నేరం కూడా, బీమా రూపాయి రాదు. మేం కారు ఆపుకుని గంటన్నర కూర్చున్నాం. అమ్మ తెచ్చిన పూతరేకులు అయిపోయాయి.

ఆ ప్రయాణంలోనే జబల్ అఖ్దర్ కొండ ఎక్కుదామనుకున్నాం. పైన దానిమ్మ తోటలుంటాయని అక్క చెప్పింది, అమ్మ ఆశపడింది. మస్కట్ నుంచి గంటన్నర నడిపి బిర్కత్ అల్ మౌజ్ దాకా వెళ్తే పోలీసు చెక్‌పోస్టులో ఆపేశారు. ఫోర్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలూ ఇంజనుతో తిరిగే ఏర్పాటు, లేని బండిని పైకి వదలరు. పోలీసు మర్యాదగానే మాట్లాడాడు, వంగి మా టయోటా చక్రాలు చూసి తల అడ్డంగా ఊపాడు. అద్దెకిచ్చిన షాపువాడికి మేం అక్కడికి వెళ్తున్నామని తెలుసు, ఒక్క మాట అనలేదు. తప్పు నాది కూడా, నేనూ అడగలేదు. 2024లో అమ్మకి మోకాలు బాగోక రాలేదు.

ఆ ఫోర్ వీల్ డ్రైవ్ పెద్ద బండికి రోజు అద్దె చిన్నకారుకి మూడింతలు దాకా అడుగుతున్నారు. అయినా వచ్చే సెప్టెంబరుకి అదే అడిగి పెట్టాను, దానిమ్మకాయలు అప్పుడే పండుతాయట. మొత్తం పది రోజులకీ కాదు, రెండు రోజులకే. మిగతా రోజులకి చిన్న టయోటా చాలు. అమ్మ మాత్రం రోజూ ఒకటే అడుగుతోంది: "ఒరేయ్, ఈసారి ఆ పోలీసాయన పైకి వదులుతాడంటావా?"