పేరు దగ్గరే చతికిలబడింది: ఐదేళ్లు వాడిన రెజెక్స్ ఫైలు

పాన్, ఐఎఫ్ఎస్‌సీ, పిన్‌కోడ్, మొబైల్, ఈమెయిల్, పేరు. ఏ ఫారంలోనైనా మళ్లీ మళ్లీ వచ్చే గడులు ఇవే. వీటిలో రాసింది సరైన రూపంలో ఉందో లేదో సరిచూసే ప్యాటర్న్‌లు, అంటే రెజెక్స్‌లన్నీ, ఒకే ఫైల్లో పెట్టుకుని, ప్రతి కొత్త ప్రాజెక్టులోకీ దాన్నే తెచ్చుకోవడం మా పద్ధతి. ముందువైపు జావాస్క్రిప్ట్, వెనకవైపు పైథాన్. ఐదేళ్లుగా ఇలాగే నడుస్తోంది. రెజెక్స్ ఎలా రాయాలో చెప్పే పాఠం కాదిది. ఆ ఫైల్లోని 'పేరు' ప్యాటర్న్ తెలుగు పేర్లకి పనికిరాదు, అయినా పనికొస్తున్నట్టే కనిపిస్తుంది. ఆ సంగతి వివరంగా చెప్పాలనే ఈ సమీక్ష.

ప్యాటర్న్ చూడ్డానికి ఉదారంగానే ఉంటుంది. ఏ భాష అక్షరమైనా సరే, మధ్యలో ఖాళీ, చుక్క, హైఫన్ ఉండొచ్చు అంటుంది. 'ఏ భాష అక్షరమైనా' అనడానికి, అన్ని లిపుల గుర్తులకీ సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లోని 'ఎల్' తరగతిని వాడుతుంది. చిక్కంతా అక్కడే. యూనికోడ్ లెక్కలో 'అ' అక్షరం, 'క' అక్షరం. గుడి, కొమ్ము, ఏత్వం మాత్రం అక్షరాలు కావు. పొల్లు కాదు, సున్న కాదు. అవన్నీ 'ఎం' అనే వేరే తరగతిలో, అక్షరానికి తగిలించే గుర్తుల కింద ఉంటాయి.

లక్ష్మి అన్న పేరునే విడదీసి చూడండి. తెరమీద కనిపించేవి రెండే అక్షరాలు: ల, క్ష్మి. లోపల ఏడు కోడ్‌పాయింట్లు (యూనికోడ్ విడిగా సంఖ్య ఇచ్చిన గుర్తులు): ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వీటిలో 'ఎల్' తరగతివి నాలుగు, 'ఎం' తరగతివి మూడు. ప్యాటర్న్ ల, క దాటి పొల్లు దగ్గర ఆగిపోతుంది. గడి కింద ఎర్రగా సందేశం పడుతుంది: "పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి." తన పేరు తప్పు లేకుండా రాసుకున్న మనిషికి, నువ్వు రాసినవి అక్షరాలే కావు అని చెబుతున్నాం మనం. గుణింతం, ఒత్తు, సున్న లేకుండా తెలుగు ఎక్కడుంది? ఈ సమీక్షలో కోపం వినిపిస్తే అది ఈ ఒక్క సందేశం మీదే.

పైథాన్ వైపు ఇదే తప్పు ఇంకో దారిలో వస్తుంది. పైథాన్‌తో పాటే వచ్చే రెజెక్స్ మాడ్యూల్‌కి యూనికోడ్ తరగతుల రాత తెలియదు, ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. అందుకని ప్యాటర్న్‌ని అటు తీసుకెళ్లేవాళ్లు దాని బదులు 'పదంలో వచ్చే గుర్తు' అని అర్థమిచ్చే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ పెట్టేస్తారు. అది కూడా అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌నే ఒప్పుకుంటుంది, గుర్తుల్ని ఒప్పుకోదు. దానితో లక్ష్మిని వెతికిస్తే 'లక', 'ష', 'మ' అని మూడు ముక్కలు చేసి ఇస్తుంది. యూనికోడ్ తరగతులు కావాలంటే, పైథాన్ ప్యాకేజీలు దించుకునే పిప్‌లో దొరికే 'రెజెక్స్' అన్న విడి ప్యాకేజీని దించుకోవాలి.

ఇంతకాలం ఎలా దాగిందంటే, ఫైలుతో పాటున్న టెస్టుల్లో తెలుగు పేర్లు మూడే: కమల, సరళ, రమణ. మూడింటిలోనూ తలకట్లు తప్ప ఏ గుర్తూ లేదు కాబట్టి మూడూ నిక్షేపంగా పాసయ్యాయి. 'విమల' అని ఒక్క గుడి ఉన్న పేరు పెట్టినా మొదటి రోజే బయటపడేది. టెస్టు పేర్లు ఎంచుకునేటప్పుడు పొల్లు, కొమ్ము, సున్న, ఐత్వం తలా ఒకసారైనా వచ్చేలా చూసుకోండి.

దిద్దుబాటులోనూ ఒక గుంట ఉంది. 'ఎం' తరగతి లోపల ఉపతరగతులున్నాయి: పక్కన చోటు తీసుకోనివి 'ఎంఎన్', తీసుకునేవి 'ఎంసీ'. ఎక్కడో చూసి ఎంఎన్ ఒక్కటే కలిపితే లక్ష్మి పాసవుతుంది, రాము, రంగ మాత్రం ఇంకా బయటే ఉంటారు. తెలుగు కొమ్ము, సున్న రెండూ ఎంసీలో ఉన్నాయి మరి. దేవనాగరి సున్న ఎంఎన్‌లో ఉంది, మన సున్న ఎంసీలో ఉంది. కాబట్టి హిందీ పేర్లతో సరిచూసి తెలుగుకీ చెల్లిందనుకోవద్దు. 'ఎం' మొత్తాన్నీ కలపాలి.

అది కలిపాక కూడా రాజ్‌కుమార్ ఆగిపోతాడు. 'జ్' పక్కన 'కు' విడిగా నిలబడాలంటే మధ్యలో కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండాలి. లేకపోతే జకి క ఒత్తు తగిలి రాజ్కుమార్ అయిపోతుంది. ఆ నాన్ జాయినర్ అక్షరమూ కాదు, గుర్తూ కాదు, 'సీఎఫ్' అనే మూడో తరగతి. దాన్ని విడిగా అనుమతించాలి, అదీ పొల్లు తర్వాత మాత్రమే. ఎక్కడపడితే అక్కడ అనుమతిస్తే చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పేర్లు డేటాబేస్‌లో వేర్వేరుగా కూర్చుంటాయి. అలాగని ఇన్‌పుట్‌ని శుభ్రం చేసే ఫంక్షన్‌తో దాన్ని ఊడ్చేయకండి, పేరు రూపమే మారిపోతుంది.

ఈ నాన్ జాయినర్‌కి రెజెక్స్ చరిత్రలో ఒక చోటుంది. 2016 జులై 20న ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు పడిపోయింది. వాక్యం రెండు చివర్లా ఖాళీలూ ఈ నాన్ జాయినర్లూ కత్తిరించే చిన్న ప్యాటర్న్‌కి, వరసగా దాదాపు 20,000 ఖాళీలున్న పోస్టు తగిలింది. ప్రతి ఖాళీ దగ్గరా మొదలుపెట్టి, చివరిదాకా వెళ్లి, విఫలమై, మళ్లీ తర్వాతి ఖాళీ నుంచి. మొత్తం దాదాపు 20 కోట్ల పోలికలు.

మా పేరు ప్యాటర్న్‌లో అంతకన్నా చెడ్డ నిర్మాణమే ఉంది. లోపల 'అక్షరాలు ఒకటో ఎక్కువో, ఆ తర్వాత ఉంటే ఒక చుక్కో ఖాళీయో', దాని చుట్టూ బ్రాకెట్, బయట మళ్లీ ప్లస్, అంటే 'ఇదంతా ఒకసారో ఎక్కువసార్లో'. మధ్యలో వచ్చే చుక్క ఐచ్ఛికం కావడంతో అక్షరాల వరసని ఎన్ని ముక్కలుగానైనా విడగొట్టవచ్చు. పేరు సరైనదైతే ఏ నష్టమూ ఉండదు. ముప్ఫై అక్షరాలు రాసి చివర ఒక అంకె తగిలిస్తే, ఇంజిన్ 53 కోట్లకు పైగా విభజనలు ప్రయత్నించి చూస్తుంది. పేజీ బిగుసుకుపోతుంది. మందు తేలికే: చుక్కని ఐచ్ఛికంగా ఉంచకుండా, 'అక్షరాలు, ఆ తర్వాత విభాజకం తప్పనిసరిగా ఉన్న ముక్కలు సున్నా లేదా ఎక్కువ' అని రాయాలి. విభాజకం ఒకటి లేదా రెండు అనండి, 'కె.వి. రమణారావు'లో చుక్క, ఖాళీ పక్కపక్కనే వస్తాయి. చివర చుక్కకి కూడా చోటివ్వండి.

నిడివి పరిమితి దగ్గర ఇంకో మాట. 'వేంకటసుబ్రహ్మణ్యం' మన కంటికి ఏడక్షరాలు, రెజెక్స్ లెక్కకి 17, యూనికోడ్‌ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో 51 బైట్లు. గరిష్ఠం 15 అని పెడితే ఇంటిపేరు రాయకముందే అయిపోతుంది. 50 బైట్ల కాలమ్‌లోనూ పట్టదు. సరిచూసే ముందు ఎన్‌ఎఫ్‌సీకి (ఒకే గుర్తుకున్న వేర్వేరు రాతల్ని ఒకటే చేసే యూనికోడ్ రూపం) మార్చుకోవడం మరవద్దు, ఐత్వం ఒక కోడ్‌పాయింట్‌గానూ రెండుగానూ రావచ్చు.

ఇదే ప్యాటర్న్‌ని హెచ్‌టీఎంఎల్ 'ప్యాటర్న్' ఆట్రిబ్యూట్‌లో పెట్టుకున్నవాళ్లు హైఫన్‌ని చూసుకోవాలి. చదరపు బ్రాకెట్ చివర హైఫన్‌ని ఊరికే వదిలేయడం అందరికీ అలవాటే, ఇన్నాళ్లూ చెల్లింది. 2023 నుంచి బ్రౌజర్లు ఆ ఆట్రిబ్యూట్‌ని 'వీ' ఫ్లాగ్‌తో, అంటే మరింత కఠినమైన కొత్త నియమాలతో, చదవడం మొదలుపెట్టాయి. అందులో హైఫన్ ముందు బ్యాక్‌స్లాష్ లేకపోతే ప్యాటర్నే చెల్లదు. చెల్లని ప్యాటర్న్‌ని బ్రౌజర్ పక్కన పడేస్తుంది, వాడుకరికి ఏ హెచ్చరికా కనపడదు, గడిలో ఏం రాసినా లోపలికి పోతుంది. కన్సోల్ తెరిచి చూస్తేనే ఎర్రర్ కనిపిస్తుంది. బ్యాక్‌స్లాష్ పెడితే పాత 'యూ' ఫ్లాగ్‌లోనూ పైథాన్‌లోనూ కూడా నడుస్తుంది.

ఇక మిగతా ప్యాటర్న్‌లు. ఐఎఫ్ఎస్‌సీది నిజంగా బాగుంది. నాలుగక్షరాలు, ఒక సున్నా, ఆరు అక్షరాలో అంకెలో. అయిదో స్థానంలో సున్నాకి బదులు ఇంగ్లిష్ 'ఓ' కొట్టడం రోజూ జరిగేదే, దాన్ని అక్కడికక్కడే పట్టేస్తుంది. చివరి ఆరింటిలో అదే పొరపాటు జరిగితే మాత్రం పట్టుకోలేదు, అక్కడ అక్షరాలు కూడా చెల్లుతాయి కాబట్టి. పాన్‌ది కూడా నమ్మకంగా పనిచేస్తుంది: అయిదక్షరాలు, నాలుగంకెలు, ఒకక్షరం. వ్యక్తుల పాన్‌లే కావాలంటే నాలుగో అక్షరాన్ని 'పీ'కి బిగించండి. అతికించినప్పుడు వెంటవచ్చే ఖాళీని ముందే కత్తిరించాలి. ఆధార్, జీఎస్టీ నంబర్ల దగ్గర రెజెక్స్ సగం పనే చేస్తుంది. రెండింటిలోనూ చివరిది, మిగతావాటిని బట్టి వచ్చే చెక్ డిజిట్, దాన్ని లెక్కకట్టడానికి ఫంక్షన్ రాయాల్సిందే. ఆధార్‌కి వెర్‌హోఫ్ పద్ధతి.

మొబైల్ ప్యాటర్న్ ఒకప్పుడు 7, 8, 9తో మొదలయ్యేవే ఒప్పుకునేది, 6 చేర్చాల్సి వచ్చింది. బండి నంబర్ల ప్యాటర్న్‌లో రాష్ట్రాల జాబితా ఉండటంతో 2024 మార్చిలో తెలంగాణ టీఎస్ నుంచి టీజీకి మారగానే కొత్త బళ్లన్నీ తిరస్కరణకి గురయ్యాయి. ఏ రాష్ట్రంలోనైనా చెల్లే బీహెచ్ సిరీస్‌కి వరసే వేరు. ఇప్పుడు జాబితా తీసేసి రెండక్షరాలని మాత్రమే చూస్తున్నాం. పైథాన్‌లో 'అంకె' అని అర్థమిచ్చే బ్యాక్‌స్లాష్ డీ తెలుగు అంకెల్ని కూడా ఒప్పుకుంటుంది, జావాస్క్రిప్ట్‌లో ఒప్పుకోదు. పిన్‌కోడ్‌కి సున్నా నుంచి తొమ్మిది అని విడమర్చి రాస్తే రెండువైపులా ఒకేలా ఉంటుంది. అలాగే పైథాన్‌లో 'ఇక్కడితో అయిపోవాలి' అనే డాలర్ గుర్తు చివరి న్యూలైన్‌ని చూసీచూడనట్టు వదిలేస్తుంది, మొదటినుంచి చివరిదాకా మొత్తం సరిపోల్చే ఫుల్‌మ్యాచ్ వాడండి.

మొత్తానికి ఫైలు ఉంచుకున్నాం, సిఫార్సు కూడా చేస్తాం, కాకపోతే మా ఫారాల్లో సగం తెలుగులో నింపేవి. ఇంగ్లిష్‌లో మాత్రమే నింపించుకునే చోట పైన చెప్పిన వాటిలో చాలావరకు మీకు ఎదురు కాకపోవచ్చు. పేరు గడికి మాత్రం ప్యాటర్న్ తీసేశాం. ఖాళీగా ఉందా, కంట్రోల్ క్యారెక్టర్లున్నాయా, 200 కోడ్‌పాయింట్లు దాటిందా అని చూసి వదిలేస్తున్నాం. బ్యాంకుకి పంపే ఫైలుకి ఇంగ్లిష్ పేరు కావాల్సి వస్తే 'పాన్ కార్డు మీద ఉన్నట్టు' అని పక్కన వేరే గడి ఉంది. పాత ప్యాటర్న్ చుక్క దిద్దుకుని ఆ ఒక్క గడిలో ఇంకా పనిచేస్తోంది.