గంట రేటా, గంటల గ్యారంటీనా? కో-పైలట్‌కు ఏది మేలు?

శంషాబాద్ బేస్‌గా చేరబోయే కో-పైలట్‌కు రెండు ఆఫర్లు వచ్చాయనుకుందాం. మొదటిది ఎగిరే గంటకు 5,000 రూపాయలు, నెలకు 40 గంటల గ్యారంటీ, అంటే అంతకన్నా తక్కువ ఎగిరినా 40 గంటల డబ్బు ఇస్తారు. రెండోది గంటకు 4,500, గ్యారంటీ 70 గంటలు. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. కళ్లు ముందు 5,000 మీదికే పోతాయి, మోసపోయేది అక్కడే.

75 గంటలు ఎగిరిన నెలలో మొదటిదాంట్లో 3,75,000, రెండోదాంట్లో 3,37,500 వస్తాయి. 45 గంటలే ఎగిరితే 2,25,000, 3,15,000. రెండూ సమానమయ్యేది 63 గంటల దగ్గర. ప్రతి నెలా 63 దాటడం పైలట్ చేతిలో ఉండదు. స్టాండ్‌బైలో, అంటే పిలిస్తే వెళ్లడానికి సిద్ధంగా ఉన్న రోజుల్లో, పిలుపు రాదు, సిమ్యులేటర్ చెక్ పడుతుంది, విమానాలే నేల మీద ఉండిపోతాయి. 2023 నుంచి ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల సమస్యతో జరిగింది ఇదే. 2024లో విస్తారా ఎయిర్‌లైన్స్ పైలట్లు ఆందోళన చెందింది కూడా గ్యారంటీ 70 నుంచి 40కి పడిపోతోందనే.

ఇంకోటి, డబ్బు లెక్కకట్టేది బ్లాక్ టైమ్‌కే, అంటే విమానం పార్కింగ్ నుంచి కదిలి మళ్లీ పార్కింగ్‌లో ఆగేవరకే. హైదరాబాద్-ఢిల్లీ రానుపోను సుమారు 4 గంటల 40 నిమిషాలు. తిరుపతి, విజయవాడల వంటి 70 నిమిషాల సెక్టార్లు (ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ ఉండే ప్రయాణాలు) నాలుగు కొట్టినా అంతే బ్లాక్, అంతే డబ్బు. కానీ గంట ముందు రిపోర్టింగ్, ఒక్కో ఆగుదలకు 40 నిమిషాలు కలిపితే ఢిల్లీ డ్యూటీ 6 గంటల 20 నిమిషాలు, ఈ నాలుగు సెక్టార్ల డ్యూటీ 7 గంటల 40. పైగా ల్యాండింగులు రెట్టింపు. మియాపూర్ నుంచి తెల్లవారుజామున వచ్చే గంట ప్రయాణం ఏ లెక్కలోనూ లేదు. చిన్న సెక్టార్లలో తిరిగే ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ విమానం) పైలట్‌కు 40 గ్యారంటీ అస్సలు నప్పదు.

2025 నుంచి వచ్చిన డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనల్లో వారపు విశ్రాంతి 36 నుంచి 48 గంటలకు పెరిగింది, రాత్రి డ్యూటీ లెక్కకు రాత్రి అంటే అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 వరకు. ఇది చాలా అవసరమైన మార్పు. కానీ ఎగిరే గంటలు తగ్గితే దెబ్బ పడేది తక్కువ గ్యారంటీ వాళ్ల మీదే. నీరసంగా ఉందని చెప్పి ఫ్లైట్ వదిలేస్తే జీతం కోసుకుపోయే పైలట్ నోరు విప్పడు. ఆ ఒక్క కారణం చాలు, 70 వైపే మొగ్గమంటాం.

ఒక మెలిక ఉంది. సెలవు తీసుకున్న రోజులకు గ్యారంటీని దామాషాలో తగ్గిస్తారేమో చూడండి. పది రోజుల సెలవుకు 70 కాస్తా 47 అవుతుంది. డెడ్‌హెడ్‌కు (డ్యూటీ కోసం ప్రయాణికుడిలా కూర్చుని వెళ్లడానికి), సిమ్యులేటర్ రోజులకు, సిక్ లీవుకు ఎన్ని గంటలు జమచేస్తారో కాంట్రాక్టులో రాయించుకోండి. సంతకం పెట్టాక బయటపడాలంటే కో-పైలట్‌కు ఆరు నెలలు, కెప్టెన్‌కు ఏడాది నోటీసు.