ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్: ఫ్లీసింగ్ వచ్చాకే నిశ్చింత

డీడూప్లికేషన్ (ఒకే డేటాను రెండుసార్లు దాచకపోవడం) ఎంత జాగా మిగులుస్తుందో అందరికీ తెలిసిందే, దాని జోలికి వెళ్లను. ఒకే మెషీన్‌లో చాలా వర్చువల్ మెషీన్లను (వీఎంలను) నడిపే ప్రాక్స్‌మాక్స్ వీఈకి తోడుగా బ్యాకప్‌లు దాచే ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్‌ను ఏళ్లుగా వాడుతున్నాక నేను మనసారా మెచ్చుకునేది ఒక్కటే: 2024 ఏప్రిల్‌లో వీఈ 8.2తో వచ్చిన ఫ్లీసింగ్, అంటే బ్యాకప్ నడుస్తుండగా పాత డేటాను తాత్కాలికంగా లోకల్ డిస్కులో దాచే పద్ధతి.

అంతకుముందు రాత్రి బ్యాకప్ మొదలవగానే డేటాబేస్ వీఎం నత్తనడక పట్టేది. సీపీయూ ఖాళీగానే ఉంటుంది, ఐఓ వెయిట్ (డిస్కు కోసం ఎదురుచూపు) మాత్రం చుక్కలనంటుతుంది. వీఎం నడుస్తుండగానే బ్యాకప్ తీసే పద్ధతికి స్నాప్‌షాట్ మోడ్ అని పేరే గానీ, వీఎంల విషయంలో స్టోరేజీ మీద స్నాప్‌షాట్ ఏదీ పడదు. ఇంకా కాపీ కాని బ్లాకు మీద వీఎం రాయబోతే వీఎంను నడిపే ప్రోగ్రామ్ క్యూఈఎంయూ ఆ రాతను ఆపి, పాత బ్లాకును ముందు బ్యాకప్ సర్వర్‌కు పంపుతుంది. అది చేరాకే రాయనిస్తుంది. అంటే వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ మీద నడిచే వీఎం కూడా అవతలి హార్డ్‌డిస్క్ వేగానికి దిగిపోవాల్సిందే. అదే వేళకు అక్కడ వెరిఫై జాబో (బ్యాకప్‌లు చెడిపోలేదని చూసుకోవడం) గార్బేజ్ కలెక్షనో (అక్కర్లేని డేటాను తుడిచేయడం) నడుస్తుంటే ఇక చెప్పక్కర్లేదు.

ఫ్లీసింగ్ పెడితే పాత బ్లాకు లోకల్ ఎస్‌ఎస్‌డీలోని ఫ్లీసింగ్ ఇమేజ్‌లో పడుతుంది, వీఎం తన పని తాను చేసుకుపోతుంది, బ్యాకప్ తీరిగ్గా ఆ ఇమేజ్ నుంచి చదువుకుంటుంది. బ్యాకప్ జాబ్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ తెరిచి, టిక్ పెట్టి, స్టోరేజీ ఎంచుకుంటే చాలు.

స్టోరేజీ ఎంపికలోనే చాలామంది దెబ్బతింటారు. థిన్ ప్రొవిజనింగ్ (రాసినంత మేరకే జాగా తీసుకోవడం), డిస్కార్డ్ (వాడేసిన జాగాను తిరిగి ఇచ్చేయడం) రెండూ ఉండాలి: ఉదాహరణకు ఎల్‌వీఎం-థిన్ గానీ, థిన్ ప్రొవిజన్ టిక్ పెట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ గానీ. మామూలు ఎల్‌వీఎం ఇస్తే 500 జీబీ డిస్కుకు ఇంకో 500 జీబీ అప్పటికప్పుడు పట్టేస్తుంది. వీఎంలున్న పూల్‌నే (డిస్కు జాగానే) ఇవ్వకండి. రాతలు ఎక్కువైతే ఇమేజ్ అసలు డిస్కంత పెరగొచ్చు, పూల్ నిండితే మిగతా వీఎంలూ ఆగుతాయి. విడి పూల్ నిండితే పోయేది ఆ రాత్రి బ్యాకప్ ఒక్కటే.

రెండో రోజు నుంచి బ్యాకప్ నిమిషాల్లో అయిపోతుందని చాలామందికి చెప్పాను, దానికో సవరణ. గత బ్యాకప్ తర్వాత ఏ బ్లాకులు మారాయో గుర్తుపెట్టుకుని ఆ వేగాన్నిచ్చే డర్టీ బిట్‌మ్యాప్, నడుస్తున్న క్యూఈఎంయూ ప్రాసెస్‌తోనే ఉంటుంది. గెస్ట్ (వీఎంలోని ఓఎస్) లోపల రీబూట్ చేస్తే ఫర్వాలేదు. వీఎంను పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేస్తే బిట్‌మ్యాప్ పోతుంది, లాగ్‌లో 'క్రియేటెడ్ న్యూ' అని కనిపిస్తుంది. అప్పుడు పంపేది మారిన 4 ఎంఐబీ ముక్కలనే అయినా, చదవడం మాత్రం డిస్కంతా చదువుతుంది.

ఇంకోటి, ఫ్లీసింగ్ ఉందని గెస్ట్ ఏజెంట్ (బ్యాకప్‌కు ముందు వీఎం లోపలి ఫైల్ సిస్టమ్‌ను కాసేపు నిలిపే చిన్న ప్రోగ్రామ్) మానేయకండి. అది లేకుండా తీసిన కాపీ కరెంటు పోయిన క్షణంలో డిస్క్ ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

నా డేటాస్టోర్ (బ్యాకప్‌లు దాచే చోటు) హార్డ్‌డిస్కుల మీద, 1 గిగాబిట్ లింకుతో ఉంది కాబట్టి నాకిది తప్పనిసరి. అవతల మొత్తం ఎస్‌ఎస్‌డీలు, 10 గిగాబిట్ లింకు ఉన్నవాళ్లకు తేడా పెద్దగా తెలియకపోవచ్చు. హోస్ట్‌లో ఖాళీ ఎస్‌ఎస్‌డీ లేనివాళ్లు ముందు వెరిఫై, గార్బేజ్ కలెక్షన్‌లను బ్యాకప్ వేళ నుంచి పక్కకు జరిపి చూడండి.