టర్బో లారీకి పంపు టైమింగ్: పదేళ్లు తోలినాక నా అనుభవం

2014లో కొన్న బండి. పది టైర్లు, ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్ (గాలిని నొక్కి లోపలికి తోసే టర్బో ఉన్నది), ఇంజిన్‌కు డీజిల్ తోసే పాత రకం పంపు. ఎర్రగుంట్లలో నాపరాయి ఎత్తుకుని కడప, గువ్వలచెరువు ఘాట్, రాయచోటి మీదుగా బెంగళూరు పోవడం నా పని. టన్నేజీ, టైర్లు, క్యాబిన్ సంగతులు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. పంపు టైమింగ్ గురించి మాత్రం వివరంగా చెప్పాలి, దానివల్ల నేను పడ్డ కష్టం ఇంకొకరు పడకూడదని.

పెట్రోలు బండిలో ప్లగ్గు నిప్పు ఎప్పుడు వేయాలన్నది టైమింగ్. మన డీజిల్ బండికి ప్లగ్గు లేదు. పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు పంపు డీజిల్ తోస్తుందో అదే మనకు టైమింగ్.

కొన్న మూడో ఏడు పంపు సర్వీసుకు ఇస్తే, "పికప్ పెంచిస్తా అన్నా, టైమింగ్ కొంచెం ముందుకు జరుపుతా" అన్నాడు షాపు పిల్లోడు. సరే అన్నాను. పికప్ నిజంగానే పెరిగింది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టిన వెంటనే అందుకునేది, లోడు మీద కూడా ఘాట్‌లో ఒక గేరు పైనే లాగేది. శబ్దం మాత్రం టకటకమని గట్టిగా వచ్చేది. అది ఇంజిన్ బలం అనుకున్నాను. మా స్టాండులో చాలామందికి నేనే చెప్పి అట్లా చేయించాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

2018 మే నెల, మధ్యాహ్నం. ఘాట్‌లో సగం ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. బండి మలుపులో నిలబడింది. క్లీనర్ దూకి చక్రాల వెనక రాళ్లు పెట్టాడు. కాసేపు ఆగి రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి తీస్తే నీళ్లలో బుడగలు. హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ పైభాగమైన హెడ్డుకు, కింది బ్లాకుకు మధ్య ఉండే పలక, పోయింది. కడపకు లాగించి, హెడ్డు అడుగు చదును చేయించి (హెడ్ ఫేసింగ్), కొత్త గ్యాస్కెట్ వేయించాను. తొమ్మిది రోజులు బండి నిలబడింది. నలభై రోజులు తిరక్కుండానే అదే ఘాట్‌లో మళ్ళీ పోయింది. ఈసారి రేడియేటర్ అన్నారు, వాటర్ పంపు అన్నారు, రెండూ మార్పించారు. టైమింగ్ ఎవరూ చూడలేదు.

చూసింది ఒక ముసలి మెకానిక్. పంపును ఇంజిన్‌కు బిగించే అంచు, అదే ఫ్లాంజి, మీద మడ్డి తుడిచి, "ఇదిగో అబ్బీ, గీత చూడు" అన్నాడు. కంపెనీ కొట్టిన గీతలు రెండూ ఎదురెదురుగా లేవు, తేడా అగ్గిపుల్ల మందం కూడా ఉండదు. "ఇంతేనా?" అన్నాను. "పంపు ఒక చుట్టు తిరిగేలోపు క్రాంకు, పిస్టన్లు తిప్పే ఇరుసు, రెండు చుట్లు తిరుగుతాది. ఇక్కడ రెండు డిగ్రీలు జరిపితే ఆడ నాలుగైనట్టు" అన్నాడు.

ఒకటో సిలిండర్ పైపు విప్పి, డెలివరీ వాల్వు, స్ప్రింగు తీసి శుభ్రమైన గుడ్డలో పెట్టాడు. ఆ చోట కొంగమెడలా వంగిన సన్న పైపు బిగించాడు. నేను చేతిపంపు కొడుతున్నా, క్లీనర్ క్రాంకుతో పాటు తిరిగే పెద్ద చక్రం ఫ్లైవీల్‌ను రాడ్డుతో మెల్లగా తిప్పుతున్నాడు. ధారగా కారే డీజిల్ సన్నబడి, చుక్కలయి, ఆగింది. అది ఆగిన చోటే పంపు డీజిల్ తోయడం మొదలైనట్టు. ఫ్లైవీల్ మీద కంపెనీ కొట్టిన టైమింగ్ మార్కు చూస్తే సూదికి ఇంకా వేలి వెడల్పు దూరంలో ఉంది, అంటే పంపు అంత ముందే తోస్తోంది. గేరు పళ్ల మధ్య ఆట పోవాలని కొంచెం వెనక్కి తిప్పించి, మళ్ళీ ముందుకు తెచ్చి రెండోసారీ చూశాడు. అదే తేడా.

టర్బో గాలిని నొక్కి తోస్తుంది. లోపల గాలి దట్టంగా, వేడిగా ఉంటే డీజిల్ తొందరగా అంటుకుంటుంది. దానికి తోడు టైమింగ్ కూడా ముందుకు పెడితే, పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాని నెత్తిన కొడుతుంది. ఆ దెబ్బ హెడ్డు మీద, బోల్టుల మీద, గ్యాస్కెట్ మీద పడుతుంది. ఖాళీ బండికి తెలియదు. లోడు మీద ఎక్కుడులో టర్బో నిండుగా తోసేటప్పుడే తెలుస్తుంది. అలాగని భయపడి మార్కు కన్నా వెనక్కి జరిపినా నల్లపొగ వస్తుంది, సైలెన్సర్ వైపు వేడి పెరుగుతుంది. ఇంజిన్ ప్లేటు మీద ఎంత కొట్టారో అంతే పెట్టాలి.

అట్లా పెట్టించాక మళ్ళీ గ్యాస్కెట్ పోలేదు. పికప్ తగ్గింది, ఘాట్‌లో ఒక గేరు కిందే పోతున్నాను, పది నిమిషాలు ఆలస్యం. మైలేజీలో పెద్ద తేడా నాకు కనిపించలేదు.

సొంత బండి, సొంత డ్రైవింగ్, రాయి లోడు, కడప ఎండలు కాబట్టి నాకు ఈ లెక్క కుదిరింది. మైదానంలో తేలిక సరుకు తోలేవాళ్లకు ఇంత బాధ ఉండకపోవచ్చు. 2020 ఏప్రిల్ తర్వాత కొత్త పొగ నిబంధనలతో వచ్చిన బీఎస్6 బండ్లలో టైమింగ్ కంప్యూటరే చూసుకుంటుంది, వాళ్లకు ఈ గోల లేదు. మా బామ్మర్ది బండి అదే. రిపేరు వస్తే మాత్రం ల్యాప్‌టాప్ ఉన్న చోటికే పోవాలి. నా బండికి ఒక సన్న పైపు, తెలిసిన చెయ్యి ఉంటే చాలు. అందుకే ఇంకా అమ్మలేదు. ఫ్లాంజి గీతల మీద తెల్ల పెయింటు వేసుకున్నాను, ప్రతి ట్రిప్పుకు ముందు టార్చి వేసి చూసుకుంటున్నాను.