రెండు మీటర్ల రాజ్‌పుత్ నమూనా: మూడేళ్లు నడిపాక షాఫ్ట్ ట్యూబు సంగతి

2021 మేలో విశాఖలో సేవ ముగించిన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ పొడవు 147 మీటర్లు, బరువు 4,974 టన్నులు. రేడియోతో నడిపే నమూనాగా 1:72 స్కేలులో కడితే 2.04 మీటర్లు, 13.3 కిలోలు. ప్లైవుడ్ ఫ్రేములు, ఫైబర్‌గ్లాస్ పూత, రేడియో గురించి అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నాను. ఈ మూడేళ్లలో నాకు కోపం తెప్పించింది ఒక్కటే: రెండు చివర్లా తప్ప మధ్యలో బుష్ (షాఫ్ట్‌ను పట్టి ఉంచే లోహపు తొడుగు) లేని రెడీమేడ్ షాఫ్ట్ ట్యూబు, అంటే ప్రొపెల్లర్‌ను తిప్పే కడ్డీ వెళ్లే గొట్టం.

ట్యూబు పొడవు 450 మి.మీ., లోపల 5 మి.మీ. స్టీలు షాఫ్ట్. ఈ కొలతల షాఫ్ట్ నిమిషానికి సుమారు 2,850 చుట్ల దగ్గర విల్లులా వంగి ఊగడం మొదలుపెడుతుంది. అసలు నౌక 35 నాట్ల వేగం ఈ స్కేలులో సెకనుకు 2 మీటర్ల పైచిలుకు. 50 మి.మీ. ప్రొపెల్లర్లతో ఆ వేగం రావాలంటే షాఫ్ట్ సరిగ్గా ఆ చుట్ల దగ్గరే తిరగాలి!

మొదటి ఏడాది చప్పుడే లేదు. అప్పుడు ఈ ట్యూబును బాగా మెచ్చుకున్నాను. ఆ మెప్పులో సగం కొత్త గ్రీజుకు చెందాలి. రెండో ఏడాది వెనుక బుష్ అండాకారంగా అరిగి 0.3 మి.మీ. వదులైంది. గ్రీజు ప్రొపెల్లర్ వైపు కారిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి. ట్యూబు లోపలి చివర కూడా నీటిమట్టం కిందే ఉంటుంది కాబట్టి అవి ఆగకుండా ఓడలోకి చేరాయి. గ్రీజు మార్చితే రెండు వారాలు ఆగింది, మళ్లీ అదే కథ.

అసలు మందు మూడో బుష్. లేత్ షాపులో 12 మి.మీ. పొడవున గన్‌మెటల్ బుష్ తీయించి, పైభాగంలో ఆకురాయితో పొడవునా గాడి పెట్టించాలి. గాడి లేకపోతే గ్రీజు ఆవలి సగానికి చేరదు. దాన్ని ట్యూబులో సరిగ్గా మధ్యకు నెట్టి, ట్యూబు పక్కన వేసిన 1.5 మి.మీ. రంధ్రంలోంచి ఎపాక్సీ చుక్క వేస్తే కదలదు. షాఫ్ట్‌కు ముందే గ్రీజు రాయండి, లేకపోతే అదీ అతుక్కుంటుంది. ఆధారాల మధ్య దూరం సగమైతే ఊగే వేగం నాలుగింతలు పెరుగుతుంది, అంటే 11,000 దాటుతుంది. ఇక భయం లేదు. ఇదంతా ట్యూబును ఓడలో బిగించకముందే చేయాలి. తర్వాతైతే ఎపాక్సీని వేడిచేసి ట్యూబు లాగాల్సిందే.

సంతోషపెట్టింది గ్రీజు గొట్టం. ట్యూబు మీద టంకం పెట్టి నిలబెట్టిన 4 మి.మీ. ఇత్తడి గొట్టం అది. ఓడ 67 మి.మీ. లోతు మునుగుతుంది, గొట్టం 100 మి.మీ. ఎత్తు, కాబట్టి దాని పైనుంచి నీళ్లు పొంగవు. సిరంజితో నెలకోసారి గ్రీజు ఎక్కిస్తే చాలు.

మోటారు, షాఫ్ట్ ఒకే గీతలో నిలవాలంటే, మోటారు బిగించేటప్పుడు కప్లింగు (రెంటినీ కలిపే జాయింటు) బదులు బిగుతైన ఇత్తడి తొడుగు వాడి, మోటారు మౌంటు అతికి ఆరాక కప్లింగు వేయండి. ఈ పని ఎగ్గొడితే మూడో బుష్ కూడా అరుగుతుంది.

నేను నడిపేది అలల్లేని చెరువులో, గంటకు మించకుండా. సముద్రపు ఉప్పునీటికి ఈ అమరిక సరిపోతుందని చెప్పలేను. 200 మి.మీ. షాఫ్ట్ చాలే టగ్ బోటుకైతే రెండు బుష్‌లతోనే పని జరుగుతుంది.